క్రౌన్ కోసం పన్ను కోయడం: ఎక్కడ ఎంత, ఎందుకంత

ల్యాబుకొచ్చిన డైలను, అంటే కోసిన పళ్ళ నమూనాలను, వరసగా పెట్టి చూడండి. పదింట్లో చాలావాటిలో ఒకే తప్పు కనిపిస్తుంది: కోయాల్సిన చోట తక్కువ కోశారు, కోయక్కర్లేని చోట ఎక్కువ కోశారు. నమిలే తలం మీద ఖాళీ ఉండదు, పక్క గోడలేమో గుడి గోపురంలా పైకి పోయేకొద్దీ సన్నబడి ఉంటాయి. పైన ఖాళీ లేకపోతే క్యాప్, అంటే క్రౌన్, ఎత్తుగా తగులుతుంది, లేదంటే పల్చగా తయారై పగులుతుంది. గోడలు సన్నబడ్డ పన్ను మీది క్యాప్ ఏ సిమెంటుతో అతికించినా ఊడి చేతికొస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే అంకెలన్నీ కంటి అంచనాతో కాకుండా కొలిచి చూసుకోవాల్సినవి.

ఇది హౌస్ సర్జన్లకీ, కొత్తగా క్లినిక్‌లో కూర్చున్నవాళ్ళకీ. ఉదాహరణకి రూట్ కెనాల్ అయిపోయిన కింది ఎడమ మొదటి దవడ పన్ను, అంటే 36 తీసుకుందాం. క్లినిక్‌లో క్రౌన్ కటింగ్ తరచుగా జరిగే పళ్ళలో ఇదొకటి.

ముందు ఏ క్రౌనో తేల్చండి

పన్ను కోశాక మెటీరియల్ మార్చడం కుదరదు. పూర్తి మెటల్ క్రౌన్‌కి సరిపడా కోసిన పన్ను మీద, తర్వాత పేషెంట్ వచ్చి “డాక్టర్ సాబ్, నవ్వితే కనపడతది, పంటి రంగుదే కావాలె” అంటే మళ్ళీ కోయాల్సిందే. ఆ మాటేదో ముందే అడిగేయండి.

పూర్తి మెటల్ క్రౌన్‌కి నమిలే కస్ప్‌ల (పన్ను పైన ఉండే మొనల) మీద 1.5 మిల్లీమీటర్లు, మిగతా కస్ప్‌ల మీద 1 మిల్లీమీటరు, అంచున 0.3 నుంచి 0.5 మి.మీ. చామ్‌ఫర్ (వంపు తిరిగిన అంచు మెట్టు) చాలు. పన్ను తక్కువ కోల్పోయేది దీంట్లోనే. ఏడో పన్ను మీద, ఎవరికీ కనపడని చోట, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. అడిగేవాళ్ళే తగ్గిపోయారు.

మెటల్ మీద పింగాణీ ఉండే క్రౌన్‌కి నమిలే కస్ప్‌ల మీద 2, మిగతా కస్ప్‌ల మీద 1.5 కావాలి. పింగాణీ వచ్చే చెంప వైపు 1.2 నుంచి 1.5 మి.మీ. షోల్డర్ (చదునైన అంచు మెట్టు), ఒట్టి మెటల్ ఉండే నాలుక వైపు 0.5 చామ్‌ఫర్ సరిపోతుంది. చెంప వైపు అంత ఎందుకంటే మెటల్‌కే దాదాపు 0.3 పోతుంది, ఆ మెటల్ నలుపుని దాచే ఓపేక్ పొరకి కొంత, పన్నులా కనిపించే పింగాణీకి కనీసం మిల్లీమీటరు దాకా కావాలి. మీరు 0.8 మాత్రమే ఇస్తే ల్యాబ్ టెక్నీషియన్‌కి రెండే దారులు: క్యాప్‌ని ఉబ్బించడం, లేదా సున్నం కొట్టినట్టు తెల్లగా వదిలేయడం. తిట్లు మాత్రం అతనికే పడతాయి.

మోనోలిథిక్ జిర్కోనియాకి (మొత్తం ఒకే సిరామిక్‌తో చేసే క్రౌన్) నమిలే తలం మీద 1 నుంచి 1.5, అంచున 0.5 నుంచి 0.8 మి.మీ. చామ్‌ఫర్. ఇంతకంటే పల్చగా ఉన్నా నిలుస్తుందని కంపెనీలు చెబుతాయి. కానీ సిమెంట్ చేసే రోజు ఎత్తు సరిచేయడానికి కొంచెం అరగదీయాల్సి వస్తుంది కదా, ఆ వాటా కూడా ఇందులోనే ఉంచుకోవాలి. లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్‌కి పైన 1.5 నుంచి 2, అంచున చుట్టూ 1 మి.మీ., లోపలి మూలలు గుండ్రంగా.

మన 36కి జిర్కోనియా అనుకుందాం.

బర్ (కోసే ముక్క) పట్టకముందు

ఐఓపీఏ ఎక్స్‌రే (పన్ను వేరు కొన దాకా కనిపించే చిన్న ఎక్స్‌రే) ముందు పెట్టుకోండి. రూట్ కెనాల్ సరిగ్గా ఉందా, ఎముక ఎక్కడుంది, పాత ఫిల్లింగ్ కింద పుచ్చు మిగిలిందా చూడండి. పాత ఫిల్లింగ్ మీద అనుమానం ఉంటే మొత్తం తీసి కొత్తగా కోర్ (పోయిన పన్ను భాగాన్ని నింపే దిమ్మె) కట్టండి. క్రౌన్ అంచు కోర్ మెటీరియల్ మీద ఆగకూడదు, దాన్ని దాటి గట్టి పన్ను మీదే కూర్చోవాలి. అంచు నుంచి పైకి కనీసం 1.5, వీలైతే 2 మిల్లీమీటర్ల ఎత్తున పన్ను గోడ చుట్టూ ఉండాలి. ఆ గోడ మందం కూడా మిల్లీమీటరుకి తగ్గకూడదు. ఇదే ఫెరూల్. ఇది లేని పన్నుకి పోస్ట్ (వేరులో దించే కడ్డీ) వేసి, కోర్ కట్టి, పైన ఖరీదైన క్యాప్ పెట్టినా ఏదో ఒక రోజు చిగురు దగ్గర విరుగుతుంది. ఫెరూల్ దొరకదని తేలితే క్రౌన్ లెంగ్తెనింగ్ (పన్ను ఎక్కువ బయటపడేలా చిగురు, ఎముక తగ్గించే సర్జరీ) గురించి పేషెంట్‌తో ఇప్పుడే మాట్లాడండి, కోశాక కాదు.

షేడ్ (క్యాప్ రంగు) చూసుకోవడం కూడా ఇప్పుడే. నోరు తెరిచి అరగంట ఉన్నాక పళ్ళు ఆరి, ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తాయి. ఆ షేడ్ రాసి పంపితే రేపు క్యాప్ పక్క పళ్ళతో కలవదు.

తర్వాత పుట్టీ ఇండెక్స్, అంటే కోయకముందు పన్ను ఆకారానికి తీసే అచ్చు. కోయని పన్ను మీద, అటూ ఇటూ ఒక్కో పన్ను కలిసొచ్చేలా సిలికాన్ పుట్టీ అద్దండి. గట్టిపడ్డాక పన్ను మధ్యలో నుంచి చెంప వైపు నుంచి నాలుక వైపుకి బ్లేడుతో రెండు ముక్కలు చేయండి. కోసేటప్పుడు ఒక ముక్కని మళ్ళీ పెట్టి చూస్తే పుట్టీకీ పన్నుకీ మధ్య ఖాళీ కళ్ళముందే ఉంటుంది, ప్రోబ్ పెట్టి కొలవచ్చు. రెండు నిమిషాల పని. పన్ను సగం విరిగి వచ్చినా సరే, కోర్ కట్టి ఆకారం తెచ్చాక ఇండెక్స్ తీయండి.

పై పన్ను కిందికి దిగి ఉందేమో చూడండి. 36 చాలాకాలం సగం విరిగి ఉంటే దాని పైనున్న 26 కస్ప్ ఒకటి ఖాళీలోకి దిగి ఉంటుంది. ముందు దాన్ని కాస్త సరిచేయకపోతే, మీరు కింద ఎంత కోసినా ఎత్తు చాలదు.

రూట్ కెనాల్ అయిన పన్నే కదా అని మత్తు మానేయకండి. నొప్పి పన్నుది కాదు, చిగురుది. బీపీ, షుగర్, గుండె మందుల సంగతి అడిగి, 1:80,000 అడ్రినలిన్ ఉన్న 2 శాతం లిగ్నోకెయిన్ ఇవ్వండి.

చివరగా ఎయిరోటర్ (బర్‌ని తిప్పే హ్యాండ్‌పీస్) నీళ్ళు. హైదరాబాద్ బోరు నీళ్ళు యూనిట్‌లో పోస్తే తెల్ల ఉప్పు కట్టి స్ప్రే రంధ్రాలు మూసుకుపోతాయి. ఒక రంధ్రం మూసుకుపోయినా బర్‌కి ఒక పక్క నీళ్ళు పడవు, ఆ పక్క పన్ను కాలుతుంది. డిస్టిల్డ్ లేదా ఆర్‌ఓ నీళ్ళు పోసి, బర్ పెట్టి తిప్పి, అన్ని ధారలూ బర్ కొన మీదే పడుతున్నాయో లేదో చూసుకోండి. నిమిషానికి 50 మిల్లీలీటర్లకి తగ్గకూడదు. పల్ప్ (పన్ను లోపలి నరం, రక్తనాళాలున్న మెత్తటి భాగం) బతికున్న పన్నయితే ఇది ఇంకా ముఖ్యం. 1965లో కోతుల పళ్ళ మీద చేసిన ప్రయోగంలో పల్ప్ వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితేనే సుమారు 15 శాతం పళ్ళలో పల్ప్ చనిపోయింది. మొద్దుబారిన బర్, నొక్కి కోసే చెయ్యి, సరిగా పడని నీళ్ళు: ఆ వేడికి ముఖ్య కారణాలు ఈ మూడు.

నమిలే తలం

ఎప్పుడూ ఇక్కడినుంచే మొదలు. ముందు పైన తగ్గిస్తే తర్వాత గోడల ఎత్తు ఎంత మిగిలిందో తెలుస్తుంది, బర్ పట్టడానికి చోటు కూడా దొరుకుతుంది.

గుండ్రటి కొన ఉన్న టేపర్ (కొన వైపు సన్నబడే) డైమండ్ బర్ తీసుకోండి. దాని కొన వ్యాసం, మొదలు వ్యాసం ప్యాకెట్ మీద ఉంటుంది, లేకపోతే కాలిపర్‌తో ఒకసారి కొలిచి గుర్తుపెట్టుకోండి. మీ దగ్గరున్న కొలబద్ద అదే. 1 మి.మీ. బర్ మొత్తం పన్నులోకి మునిగితే 1 మి.మీ. లోతు గాడి పడ్డట్టు. ప్రతి కస్ప్ వాలు మీదా, మధ్య గుంటలోనూ అలా గాళ్ళు పెట్టి, వాటి మధ్య మిగిలిన దిబ్బల్ని తీసేయండి. సగం పన్ను ముందు కోసి, మిగతా సగంతో పోల్చి చూశాక అది కోయండి.

గాళ్ళు కస్ప్ వాలు వెంట పోవాలి. పైనంతా బల్లపరుపుగా కోయడం చాలామంది చేసే పని. అలా కోస్తే మధ్యలో ఖాళీ రావడానికి కస్ప్‌లు అనవసరంగా తెగుతాయి, గోడల ఎత్తు పోతుంది, పట్టు పోతుంది. కొండలు, లోయలు మునుపటిలాగే ఉండాలి, కాకపోతే అంతా ఒక మెట్టు కిందికి దిగాలి.

ఇక ఫంక్షనల్ కస్ప్ బెవెల్, అంటే నమిలే కస్ప్ బయటి వాలు మీద ఏటవాలు కోత. కింది పళ్ళకి నమిలే కస్ప్‌లు చెంప వైపువి, పై పళ్ళకి అంగిలి వైపువి. 36లో చెంప వైపు కస్ప్ బయటి వాలు మీద కూడా పై పన్ను కస్ప్ వచ్చి తగులుతుంది. మీరు కస్ప్ కొనని తగ్గించి, ఆ బయటి వాలుని వదిలేశారనుకోండి, పైన 1.5 మి.మీ. ఖాళీ, కాస్త బయటికి జరిగితే 0.6. క్యాప్ పగిలేదీ, చిల్లు పడేదీ అక్కడే. బర్‌ని చెంప వైపుకి దాదాపు 45 డిగ్రీలు వంచి, ఎదుటి కస్ప్ లోపలి వాలుకి సమాంతరంగా ఆనించి, అక్కడ కూడా 1.5 లోతు గాళ్ళు పెట్టి కలిపేయండి. వ్యాసం మొత్తంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకునేవాళ్ళుంటే ఈ బెవెల్ గురించినదే గుర్తుంచుకోండి.

ఇప్పుడు కొలత. మెత్తబరిచిన బైట్ వ్యాక్స్ రెండు పొరలు పెట్టి కొరకమనండి. అలాగే కొరికి అటూ ఇటూ దవడ జరపమనండి, ఎందుకంటే నేరుగా కొరికినప్పుడు ఉన్న ఖాళీ పక్కకి జరిగినప్పుడు ఉండకపోవచ్చు. వ్యాక్స్ తీసి లైటుకి ఎదురుగా పట్టండి. వెలుతురు ఎక్కువ వచ్చే చోట మందం గేజ్‌తో కొలవండి. అక్కడే ఇంకొంచెం కోయాలి, మొత్తం కాదు.

పక్క గోడలు

ఇక్కడ మాట తిరగబడుతుంది. పైన ధైర్యంగా కోయాలి, పక్కల పిసినారిగా కోయాలి.

పుస్తకంలో రెండు ఎదురెదురు గోడల మధ్య కోణం 6 డిగ్రీలు. నోట్లో 10 నుంచి 20 మధ్య వస్తే మంచి పని కిందే లెక్క. టేపర్ బర్‌లోనే ఆ వాలు ఉంది, కాబట్టి చెయ్యి వాల్చక్కర్లేదు. బర్‌ని క్యాప్ దిగే దిశకి సమాంతరంగా పట్టి పన్ను చుట్టూ తిప్పితే చాలు. వాలు చాలదేమో అని మీరు మణికట్టు వంచారంటే 30 దాటిపోతుంది.

కింది దవడ పళ్ళు నాలుక వైపు కాస్త వంగి ఉంటాయి. బర్‌ని దవడకి నిలువుగా కాదు, పన్ను నిలువుతో పాటు పట్టండి. చెంప వైపు రెండు తలాలుగా గాళ్ళు పెట్టండి: కింది సగం క్యాప్ దిగే దిశలో, పై సగం ఇందాకటి బెవెల్ వాలులో కలుస్తుంది.

గుట్కా, పాన్ మసాలా అలవాటున్నవాళ్ళలో కొందరికి నోరు పూర్తిగా తెరుచుకోదు. హ్యాండ్‌పీస్ తల పై పళ్ళకి తగిలి, బర్ తనంతట తనే ముందుకి వాలుతుంది. వెనక గోడ జారుడు బల్ల అయ్యేది అప్పుడే. చిన్న తల ఉన్న హ్యాండ్‌పీస్, పొట్టి షాంక్ బర్ ఇలాంటి పేషెంట్ల కోసం విడిగా ఉంచుకోండి.

పక్క పళ్ళ మధ్య కోసేటప్పుడు, అటూ ఇటూ ఉన్న 35కీ, 37కీ మెటల్ మ్యాట్రిక్స్ బ్యాండ్ అడ్డం పెట్టండి. సన్నటి సూది డైమండ్‌తో, చెంప వైపు నుంచి నాలుక వైపుకి, పైకీ కిందికీ మెల్లగా కదుపుతూ పోవాలి. కోత పూర్తిగా మన పన్నులోనే ఉండాలి. పక్క పన్ను వైపు కాగితమంత ఎనామెల్ రేకు నిలబడి ఉంటుంది, అది చివర్లో దానంతటదే విరిగి రాలుతుంది. ఆ రేకు మిగిలిందంటే పక్క పన్ను భద్రంగా ఉన్నట్టే. పక్క పన్నుకి గీత పడితే మాత్రం పాలిష్ చేసి ఫ్లోరైడ్ రాయండి. వదిలేస్తే పుచ్చు మొదలయ్యేది ఆ గీతలోనే.

అంచు

అంచు చిగురు పైన ఉంటే అందరికీ సుఖం. మీకు కనిపిస్తుంది, ముద్రలో స్పష్టంగా వస్తుంది, పేషెంట్ బ్రష్‌కి అందుతుంది. దవడ పన్నుకి చిగురు కిందికి పోవాల్సిన అవసరం సాధారణంగా ఫెరూల్ కోసమో, పాత ఫిల్లింగ్ దాటడానికో మాత్రమే వస్తుంది. పోయినా 0.5 మి.మీ. మించొద్దు. అంచుకీ ఎముకకీ మధ్య 3 మి.మీ. ఉండాలి. చిగురు పన్నుకి అతుక్కునే భాగమే సగటున 2 మి.మీ. పైచిలుకు ఉంటుంది. దాన్ని ఆక్రమిస్తే క్యాప్ చుట్టూ చిగురు ఎప్పటికీ ఎర్రగానే ఉండి, ముట్టుకుంటే రక్తమొస్తుంది. ఇక్కడ ముఖ్యంగా చూడాల్సింది పళ్ళ మధ్య. చిగురు అక్కడ పైకి లేచి ఉంటుంది, అంచు కూడా దాంతోపాటు లేవాలి. నాలుగు పక్కలా ఒకే ఎత్తున గీత గీసినట్టు కోసుకుంటూ పోతే మధ్యలో చిగురు తెగుతుంది.

చామ్‌ఫర్ లోతు విషయంలో ఒక సూత్రం: గుండ్రటి బర్ కొనలో సగం కంటే ఎక్కువ పన్నులోకి పోకూడదు. 1 మి.మీ. కొన అయితే 0.5 దాకా, 1.6 అయితే 0.8 దాకా. సగం దాటిందంటే బర్ బయటి వంపు అంచున ఒక పల్చటి ఎనామెల్ పెదవిని నిలబెట్టి వదిలేస్తుంది. పైనుంచి చూస్తే అంచు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్ (సన్నటి మొన ఉన్న పరీక్ష పనిముట్టు) కొనని గోడ మీద నుంచి కిందికి, బయటికి లాగండి. బయటికి జారకుండా చిన్న గట్టుకి తట్టుకుని ఆగితే పెదవి ఉన్నట్టే. అది ముద్రలో చిరుగుతుంది, డై మీద విరుగుతుంది, స్కానర్‌కి అంచు ఎక్కడో అర్థం కాదు. దాన్ని చదును చేయాలని ఇంకా లోపలికి పోకండి. అంతకంటే లావు కొన ఉన్న బర్‌తో అదే లోతులో ఒకసారి తిప్పండి.

నునుపు, తర్వాత పరీక్ష

ఎర్ర పట్టీ ఉన్న ఫైన్ డైమండ్‌తో, నీళ్ళు ఆపకుండా, అన్ని మూలలూ గుండ్రం చేయండి. జిర్కోనియాని మిల్లింగ్ మెషిన్‌లో చెక్కే బర్‌కీ ఒక మందం ఉంటుంది. మీ పన్ను మీది కొన దానికంటే పదునుగా ఉంటే అది లోపల ఆ మూలని చెక్కలేక చుట్టూ ఎక్కువ తీసేస్తుంది, క్యాప్ వదులవుతుంది. సిరామిక్ పగుళ్ళు మొదలయ్యేది కూడా పదునైన మూలల దగ్గరే.

ఒక కన్ను మూసుకుని అద్దంలో చూడండి. రెండు కళ్ళతో చూస్తే 8 డిగ్రీల అండర్‌కట్ (గోడ లోపలికి వాలి క్యాప్‌ని దిగనివ్వని చోటు) కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. ఒక కంటితో, అద్దం కదపకుండా, చుట్టూ అంచు మొత్తం ఒకేసారి కనబడాలి. ఎక్కడైనా గోడ అంచుని కప్పేస్తే అండర్‌కట్ ఉంది. చిన్నదైతే ఆ గుంటని కాంపోజిట్‌తో నింపండి, దానికోసం మొత్తం గోడని తగ్గించొద్దు.

గోడ ఎత్తు దవడ పన్నుకి 4, ముందు పళ్ళకీ ప్రీమోలార్లకీ 3 మి.మీ. ఉండాలి. బొక్కలు నమిలి, వక్క కొరికి అరిగిపోయిన పళ్ళు మన దగ్గర తక్కువేం కాదు, వాటికి ఈ ఎత్తు దొరకదు. అలాంటప్పుడు, లేదా వాలు ఎక్కువైపోయినప్పుడు, పక్క పళ్ళ వైపు గోడల్లో క్యాప్ దిగే దిశకి సమాంతరంగా గాళ్ళు పెట్టండి. క్యాప్ చెంప వైపుకీ నాలుక వైపుకీ ఒరగకుండా అవే ఆపుతాయి. గాడి స్పష్టమైన గోడలతో ఉండాలి, అంచుకి కొంచెం పైన ఆగాలి. అదీ కుదరకపోతే క్రౌన్ లెంగ్తెనింగే.

ముందు పళ్ళయితే

కొన దగ్గర 2 మి.మీ. తగ్గించండి. పెదవి వైపు మాత్రం పన్ను వంపుని బట్టి రెండు తలాలుగా కోయాలి. ఒకే తలంలో కోస్తే కొన దగ్గర తక్కువ తెగి క్యాప్ ముందుకి పొడుచుకొస్తుంది, లేదా మధ్యలో పల్ప్‌కి దగ్గరగా పోతారు. అంగిలి వైపు సింగులమ్ (చిగురు దగ్గరి ఉబ్బు) దగ్గర చిన్న నిలువు గోడని తప్పకుండా మిగల్చండి. పట్టు ఉన్నదంతా అక్కడే.

నల్గొండ వైపు నుంచి వచ్చేవాళ్ళలో ఫ్లోరోసిస్ మరకలు ఎక్కువ. గోధుమ రంగు పోయేదాకా కోద్దామని లోపలికి పోకండి, కొన్ని మరకలు చాలా లోతుగా ఉంటాయి. ల్యాబ్‌కి కోసిన పన్ను రంగు కూడా ఫోటో తీసి పంపి, కింది రంగుని దాచే సిరామిక్ అడగండి.

ముద్ర, తాత్కాలిక క్యాప్

అంచు చిగురు దగ్గర లేదా కింద ఉంటే ముందు చిగురుని పక్కకి నెట్టే సన్నటి 000 త్రాడు, దానిపైన అల్యూమినియం క్లోరైడ్‌లో ముంచిన 0 లేదా 1 త్రాడు పెట్టి కొన్ని నిమిషాలు ఆగండి. గుండె జబ్బున్నవాళ్ళకి అడ్రినలిన్ త్రాడు వాడొద్దు. తీసేముందు త్రాడుని తడపండి, పొడిగా లాగితే ఆగిన రక్తం మళ్ళీ మొదలవుతుంది. మందు బాగా కడిగేశాకే అడిషన్ సిలికాన్ (ముద్ర తీసే పదార్థం) పెట్టాలి. లేటెక్స్ గ్లవ్స్‌తో పుట్టీ కలిపితే గ్లవ్స్‌లోని గంధకం వల్ల పుట్టీ గట్టిపడదు, నైట్రైల్ వేసుకోండి.

తాత్కాలిక క్యాప్ కోసం మొదట్లో తీసిన పుట్టీ లాంటిదే ఇంకొకటి కోయకుండా ఉంచుకుని ఉంటే, అందులో బిస్‌అక్రిల్ (తాత్కాలిక క్యాప్ చేసే రెసిన్) పోసి పన్ను మీద పెట్టండి. బయటికి తీశాక దాని మందాన్ని గేజ్‌తో కొలవండి. చెంప వైపు కస్ప్ దగ్గర 1 మి.మీ. కంటే తక్కువ చూపించినా, వెలుతురు దాటి వచ్చినా, ముద్ర ల్యాబ్‌కి పంపకండి. ఆ చోట ఇంకొంచెం కోసి, ముద్ర మళ్ళీ తీయండి. పేషెంట్ ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, మత్తూ ఉంది. క్యాప్ వచ్చాక చేయాల్సిన గొడవ కంటే ఇది చాలా చిన్న పని.

శాశ్వత క్యాప్‌ని రెసిన్ సిమెంట్‌తో పెట్టబోతుంటే తాత్కాలికం కింద యూజినాల్ లేని సిమెంట్ వాడండి. ఎత్తు చూసి, అంచులు పాలిష్ చేసి, పేషెంట్‌కి మూడు మాటలు చెప్పి పంపండి: ఆ వైపు బొక్కలు, చాక్లెట్లు వద్దు. ఫ్లాస్ చేస్తే దారాన్ని పైకి కాకుండా పక్కకి లాగాలి. క్యాప్ ఊడితే నొప్పి లేకపోయినా మరుసటి రోజే రావాలి, ఎందుకంటే పక్క పళ్ళు జరిగితే ల్యాబ్ నుంచి వచ్చే క్యాప్ కూర్చోదు.